తలక్రిందుల బింబము - దానిని నిలిపిన ఉపాయములు

వెలుతురు తిన్నని గీతలో ప్రయాణము చేయును. ఈ చిన్న సత్యమునుండి ఒక పెద్ద చిక్కు పుట్టినది. చీకటి గదికి ఒక ప్రక్క సన్నని రంధ్రము చేసినచో, బయటి చెట్టు కొననుండి వచ్చు కిరణము రంధ్రము గుండ దిగి ఎదుటి గోడ అడుగున పడును. చెట్టు మొదటినుండి వచ్చునది పైకెక్కి గోడ మీది భాగమున పడును. కుడి ఎడమయగును, ఎడమ కుడియగును. గోడపై చెట్టు తలక్రిందుగా నిలుచును. హంపీ విరూపాక్షాలయమును దర్శించినవారికి ఈ పాఠము పుస్తకముతో పనిలేకయే తెలిసియుండును. అచ్చటి రాజగోపురపు ఛాయ, ఆలయములోని ఒక చీకటి గోడపై, శిఖరము క్రిందికిని పీఠము పైకిని ఉండునట్లు పడుచుండును.

ఆ ఛాయను చూచి యాత్రికుడు ఆశ్చర్యపడి తన దారిని తాను పోవచ్చును. కాని ఆ ఛాయతో పని చేయవలసినవాడు, దానిని కొలువవలసినవాడు, దానిని చిత్రముగా నిలుపవలసినవాడు అట్లు పోజాలడు. దానిని నిటారు చేయవలెనా, అక్కరలేదా? చేయవలెనన్నచో ఎచ్చట చేయవలెను? దాని వెల ఏ రూపమున చెల్లింపవలెను? నాలుగు శతాబ్దులుగా దూరదర్శినులు నిర్మించినవారును, ఛాయాచిత్రములు తీసినవారును, ఇరువదియొకటవ శతాబ్ది తొలి దశకమున చిన్న వీడియో కెమేరాలతో సినిమా వంటి చిత్రము తీయబూనినవారును ఈ ప్రశ్నకే సమాధానము వెదకిరి. ఆ కడపటివారి కథ చిన్నది, పదేండ్లలో ముగిసినది. కాని వారి యెదుట నిలిచిన లెక్క పూర్వులందరు వేసిన లెక్కయే. కనుక మొదటినుండి చెప్పుట మంచిది.

సన్నని రంధ్రము గుండ పడు బింబమును శాస్త్రదృష్టితో పరిశీలించినవారిలో అరబ్బు పండితుడు ఇబ్న్ అల్‌హైథమ్ ముఖ్యుడు. ఆయన పదియవ శతాబ్ది ఉత్తరార్ధమున జన్మించి, పదునొకండవ శతాబ్ది పూర్వార్ధమున గతించెను. గ్రహణ సమయమున సూర్యుని నెలవంక ఆకారము రంధ్రము గుండ ఎట్లు కనబడునో వివరించుచు ఆయన ఒక ప్రత్యేక గ్రంథమే రచించెను. తరువాత ఐరోపాలో జోహన్నెస్ కెప్లర్ 1604లో ప్రకటించిన గ్రంథమున మరియొక అడుగు ముందునకు వేసి, మన కన్నుకూడ అట్టి చీకటి గదియేయనియు, కంటి వెనుకటి తెరపై లోకము తలక్రిందుగానే పడుచున్నదనియు నిరూపించెను. 1637లో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్, ఎద్దు కంటి వెనుకటి పొరను ఒలిచి, అచ్చట పలుచని తెర యుంచి, దానిపై తలక్రిందుగా పడిన బింబమును చూచు విధమును వర్ణించెను.

కంటిలో బింబము తలక్రిందుగా నున్నచో లోకము మనకు నిటారుగా ఏల కనబడుచున్నది? కెప్లర్ ఈ ప్రశ్నకు తాను సమాధానము చెప్పక, దానిని ప్రకృతితత్త్వ విచారకులకు విడిచిపెట్టెను. దాదాపు మూడు వందల యేండ్ల తరువాత అమెరికాలో జార్జి స్ట్రాటన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు దానిని తన దేహముమీదనే పరీక్షించెను. 1896-97 సంవత్సరములలో ఆయన ఒక కంటిని మూసి, రెండవ కంటికి దృశ్యమును తలక్రిందులు చేయు కటకములను తగిలించుకొని దినములు గడపెను. వానిలో ఒక పరీక్ష ఎనిమిది దినములు సాగెను. మొదట చేయి చాపినచో చేయి తప్పెను. అడుగు వేసినచో అడుగు తడబడెను. దినములు గడచినకొలది చేతులును చూపును సమాధానపడినవి. కటకములు తీసివేసిన పిమ్మట మరల కొంత తికమక కలిగెను. తలక్రిందుల బింబమునకు మనసు అలవాటు పడగలదని దీని తాత్పర్యము. అయితే ఆ అలవాటునకు వెల కలదు. ఆ వెల దినములు, తడబాటులు.

ఇక పరికరముల సంగతి. 1609లో గెలీలియో వాడిన దూరదర్శినిలో ముందు కుంభాకార కటకము, కంటియొద్ద పుటాకార కటకము ఉండెను. దానిలో దృశ్యము నిటారుగానే కనబడును. కాని కనబడు మేర మిక్కిలి ఇరుకు. 1611లో కెప్లర్ రెండును కుంభాకార కటకములే గల దూరదర్శినిని తన గ్రంథమున వర్ణించెను. దానిలో మేర విశాలము. దృశ్యము మాత్రము తలక్రిందులు. చిత్రమేమన, తలక్రిందులైన ఈ రెండవ పద్ధతియే ఖగోళ శాస్త్రమునకు ప్రాణమైనది. గెలీలియో గొట్టములో కిరణములు ఎచ్చటను కూడి బింబము కట్టకముందే పుటాకార కటకము వానిని కంటికి అందించును. కెప్లర్ గొట్టములోనో, కిరణములు నడుమ ఒకచోట కూడి నిజమైన బింబము కట్టును. ఆ చోట సన్నని దారము కట్టవచ్చును. నక్షత్రముల మధ్య దూరమును కొలువవచ్చును. తెర పట్టినచో బింబము తెరపై నిలుచును. పట్టుకొనదగిన బింబమును ఒక్క కటకము కట్టినచో అది తలక్రిందుగానే వచ్చును. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. తరువాతి కథ అంతయు దీనిపైననే నిలిచియున్నది.

ఖగోళజ్ఞుడు ఆ బింబమును నిటారు చేయుటకు శ్రమపడలేదు. చంద్రునికి పైయేది, క్రిందేది? పటమును తిప్పి పట్టుకొన్న చాలును. దుర్బలమైన నక్షత్రకాంతిలో ఒక్క లవమునైనను వ్యర్థము చేయుట అతనికి ఇష్టము లేదు. నావికునికిని సేనానికిని అట్లు కాదు. తెరచాప క్రిందికిని సముద్రము పైకిని కనబడిన ఓడతో నావికుడేమి చేయగలడు? అట్టివారికొరకు బింబమును రెండవమారు త్రిప్పు అదనపు కటకములు వచ్చినవి. కెప్లరే మూడవ కటకమును సూచించియుండెను. 1645లో రీటా అను కపూచిన్ సన్యాసి బింబమును నిటారు చేయు కటకముల కూర్పును ప్రకటించెను. దృశ్యము నిలిచినది, గొట్టము పొడవైనది, కటకములు పెరిగినకొలది వెలుతురు తగ్గినది. నిటారు బింబము అవసరమైనవాడు దాని వెల చెల్లించెను. అవసరము లేనివాడు చెల్లింపలేదు. ఈ వివేకము పదునేడవ శతాబ్దిలోనే స్థిరపడినది.

ఆ వెలను తగ్గించినవాడు ఇటలీ దేశీయుడు ఇగ్నాజియో పోర్రో. 1854లో ఆయన పేటెంటు పొందిన ఉపాయమున కటకములకు మారుగా రెండు గాజు పట్టకములు కలవు. ఒక్కొక్క పట్టకములో వెలుతురు రెండుమారులు లోపలనే ప్రతిఫలించి వెనుకకు మరలును. మొదటి పట్టకము పైక్రిందులను సరిచేయును. దానికి అడ్డముగా నిలిపిన రెండవ పట్టకము కుడియెడమలను సరిచేయును. మొత్తము నాలుగు ప్రతిఫలనములు. ఇచ్చట సంఖ్య సరిసంఖ్యగా నుండుట ముఖ్యము. ఒక్క అద్దములో చూచిన అక్షరములు ఎదురుగానే యుండునని అందరకు తెలిసినదే. ప్రతిఫలనములు బేసిసంఖ్యలో నున్నంతకాలము ఆ దోషము పోదు. ఎర్నెస్ట్ అబ్బే పరిశ్రమవలన జైస్ సంస్థ 1894లో ఈ పట్టకములతో జంటదుర్భిణులను అమ్మకమునకు తెచ్చిన పిమ్మట, పొడవు గొట్టము మడతపడి అరచేతిలోనికి వచ్చినది.

ఛాయాచిత్రకారుల కథ దీనికి సమాంతరముగా నడచినది. 1685లో జర్మను దేశీయుడు జోహాన్ త్సాన్, చీకటిపెట్టెలో వాలుగా అద్దము నుంచి బింబమును పై పలకకు మరలించు విధమును వర్ణించెను. బొమ్మ నిటారయ్యెను గాని కుడియెడమలు మారియే యుండెను. పందొమ్మిదవ శతాబ్ది ఛాయాగ్రాహకులు అద్దము జోలికిపోక, నల్లగుడ్డ తలపై కప్పుకొని, పెద్ద కెమేరా వెనుకటి గరుకుగాజు పలకపై తలక్రిందుల బింబమునే చూచి పని జరుపుకొనిరి. సికిందరాబాదులో స్టూడియో నడపి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడై, రాజా ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన లాలా దీనదయాళ్ కాలమునాటి పెద్ద కెమేరాలు ఇట్టివే. రాజభవనములును, దర్బారులును, వేట గుడారములును ముందు గరుకుగాజుపై తలక్రిందుగా నిలిచి, పిమ్మట కాగితముపై నిటారైనవి. దానివలన నష్టమేమియు లేదు. కెమేరా ముక్కాలిపై కదలక నిలిచియుండెను. ఎదుటివారును కదలక నిలిచియుండిరి. చిత్రమును తుదకు తిప్పి చూచుటకు చేతులు కలవు.

కదలిక వచ్చినచోట అద్దములును పట్టకములును తప్పనిసరియైనవి. 1937లో ఆర్నాల్డ్-రిక్టర్ సంస్థ వెలువరించిన అర్రిఫ్లెక్స్ సినిమా కెమేరాలో తిరుగు షట్టరే అద్దమై, పని జరుగుచుండగనే కటకము చూచుదానిని కెమేరా పట్టువానికి చూపెను. ఛాయాచిత్రములలో 1949నాటి డ్రెస్డెన్ కెమేరా కాంటాక్స్ ఎస్ నెత్తిమీద ఐదు ముఖముల పట్టకమును ధరించి, కంటియెత్తున నిటారుగాను, కుడియెడమలు మారకుండను దృశ్యమును చూపెను. ఆ పట్టకమే తరువాతి దశాబ్దులలో అట్టి కెమేరాల కన్నిటికిని కిరీటమైనది. గమనింపదగిన విషయము: ఆ పట్టకము చూచువాని దారిలో నున్నది కాని చిత్రము తీయు దారిలో లేదు. ఫిల్ముమీద పడు వెలుతురులో అది పిసరంతయు తీసికొనదు.

ఇప్పుడు ఇరువదియొకటవ శతాబ్దికి వత్తము. 2002లో పానాసోనిక్ సంస్థ వెలువరించిన డీవీఎక్స్ 100 వంటి కామ్‌కార్డరులు సెకనుకు 24 చిత్రములు తీసి, సామాన్యునికి సినిమా లయను అందించినవి. కాని సినిమా చూపు మాత్రము అందలేదు. ఆ కెమేరాలలోని సెన్సరు కర్ణము సుమారు 6 మిల్లీమీటర్లు. 35 మిల్లీమీటర్ల సినిమా చట్రపు కర్ణము సుమారు 27. అదే ఫిల్ముపై ఛాయాచిత్రపు చట్రమునకు 43. సెన్సరు చిన్నదైనకొలది అంతే దృశ్యమునకు కటకపు నాభ్యంతరము తగ్గవలెను. అది తగ్గినకొలది దూరపు వస్తువులును దగ్గరి వస్తువులును ఒక్కమారే తేటగా కనబడును. ఎఫ్ 2 వద్ద తెరచిన చిన్న కామ్‌కార్డరులో ఎంత లోతు తేటపడునో, సినిమా చట్రమున అంత తేటపడుటకు ఎఫ్ 9 వరకును, ఛాయాచిత్రపు చట్రమున ఎఫ్ 14 వరకును మూయవలసి యుండును. తల్లి ముఖము మాత్రము తేటగా నుండి, వెనుకటి గోడ మంచువలె కరగిపోవలెనని కోరిన యువ దర్శకునికి, గోడమీది మేకుకూడ తేటగా వచ్చి చేరుచుండెను.

దీనికి కనిపెట్టిన ఉపాయము పాత గరుకుగాజు పలకయే. ఛాయాచిత్రపు పెద్ద కటకము ముందు నిలిచి గరుకుగాజుపై పెద్ద బింబము కట్టును. దాని వెనుక నున్న కామ్‌కార్డరు, దగ్గరి వస్తువును చూపు అదనపు కటకము సాయమున, ఆ గాజుపై బింబమునే చిత్రించును. ముసలి ఛాయాగ్రాహకుడు నల్లగుడ్డ క్రింద కన్నుంచిన చోట ఇప్పుడు కామ్‌కార్డరు కన్నుంచెనన్నమాట. గాజు గరుకు బొమ్మలో ఇసుకవలె కనబడకుండుటకు ఆ పలకను కంపింపజేయుటయో, గిరగిర త్రిప్పుటయో చేసిరి. మ్యూనిక్ నగరమందలి పీ ప్లస్ ఎస్ టెక్నిక్ సంస్థవారి మినీ 35 వృత్తి నిర్మాతలకు ఉద్దేశింపబడినది. తరువాత రెడ్‌రాక్ ఎం 2, లెటస్ 35, బ్రెవిస్ వంటివి తక్కువ వెలకు వచ్చినవి. ఇంటిలోనే గాజు నూరి, చిన్న మోటారు బిగించి సొంతముగా చేసికొన్నవారును అనేకులు.

కెప్లర్ గొట్టము పాఠము ఇచ్చట మరల ఎదురైనది. గరుకుగాజుపై బింబము పట్టుకొనదగిన బింబము. కనుక అది తలక్రిందులు. కామ్‌కార్డరు తన స్వభావము ననుసరించి ఎదుటనున్నదానిని ఉన్నది ఉన్నట్లు చూపును. ఎదుటనున్నది తలక్రిందులైనచో చిత్రమును తలక్రిందులే. పాత్రధారి కుడికి నడచినచో తెరపై ఎడమకు పోవుచుండును. అతని వెంట కెమేరా త్రిప్పబూనినవాడు స్ట్రాటన్ వలె తడబడును. అందుచేత కొందరు తయారీదారులు త్రిప్పు పట్టకములను అడాప్టరులోనే ఇమిడ్చిరి. కొన్నింట మాత్రము ఆ యేర్పాటు లేకపోగా, త్రిప్పు అనుబంధమును వేరుగా సమకూర్చుకొనవలసి వచ్చెను. కొద్దిపాటి ధనముతో చిత్రము తీయువానికి ఇది సులభమైన ప్రశ్న కాదు. ఆ ధనముతో ఒక దీపమో, మంచి మైక్రోఫోనో కొనవచ్చునుగదా!

అనుబంధమును తక్కెడలో నిడుదము. మొదట బరువు. పోర్రో పట్టకము ద్వారము ప్రతి ప్రక్కను 20 మిల్లీమీటర్లైనచో, పట్టకపు ఘనపరిమాణము 8 ఘన సెంటీమీటర్లు, సామాన్య దృక్‌గాజుతో చేసినచో బరువు సుమారు 20 గ్రాములు, జంటకు 40. ఛాయాచిత్రపు చట్రము 36 మిల్లీమీటర్ల వెడల్పు కలది గనుక, దానిని పూర్తిగా చూచుటకు ద్వారము 40 మిల్లీమీటర్లు కావలెననుకొందము. కొలత రెట్టింపైనది, బరువు ఎనిమిది రెట్లైనది. జంట పట్టకములు 320 గ్రాములు తూగును. ఇది గాజు మాత్రమే. పెట్టె, మరలు, ముందు వ్రేలాడు కటకము వేరు. పైగా ఆ గాజులో వెలుతురు 160 మిల్లీమీటర్లు నడువవలెను. గాజులో దూరము కొంత కుదించి కనబడును గాన, కామ్‌కార్డరు దృష్టికి గరుకుగాజు 10 సెంటీమీటర్లకు పైబడిన దూరమున నున్నట్లుండును. అంత దూరమునుండి చిన్న బింబమును చట్రమునిండ నింపుటకు తగిన దగ్గరి కటకము కావలెను.

రెండవది వెలుతురు. పూతలేని గాజు ముఖము ఒక్కొక్కటి నూటికి సుమారు 4 పాళ్ల వెలుతురును వెనుకకు త్రోయును. విడివిడిగా నున్న రెండు పట్టకములకు వెలుతురు దాటవలసిన ముఖములు నాలుగు. నూటికి 85 పాళ్లు మాత్రమే మిగులును. మంచి పూత యున్నచో 96 మిగులవచ్చును. బరువు తగ్గించుటకు పట్టకములకు బదులు అద్దములు వాడినచో లెక్క వేరు. సామాన్య అల్యూమినియము పూత అద్దము నూటికి 90 పాళ్లు ప్రతిఫలించుననుకొన్నను, నాలుగు ప్రతిఫలనముల పిమ్మట 66 మాత్రమే మిగులును. ఒక్కొక్క అద్దము 95 పాళ్లు ప్రతిఫలించు మేలిరకమైనచో 81. ఇంటిలోని ముఖము చూచుకొను అద్దము అసలు పనికిరాదు. దాని పూత గాజు వెనుక నుండుటచే ముందు ముఖము మరియొక మసక బింబమును కల్పించును. గరుకుగాజు వెలుతురును వెదజల్లి కొంత ముందే హరించియున్నది. దానికి తోడు ఈ సుంకము. కామ్‌కార్డరులో లోటు పూడ్చుటకు విద్యుత్తుచే సంకేతమును పెంచవచ్చును. ప్రతి 6 డెసిబెల్‌లకు వెలుతురు రెట్టింపైనట్లగును గాని, చీకటి భాగములలో పురుగులు ముసిరినట్లు రవ్వలు పుట్టును.

మూడవది కూర్పులో నిక్కచ్చి. రెండు పట్టకములును ఒకదానికొకటి సరిగా అడ్డముగా నుండవలెను. ఒక్క డిగ్రీ తప్పినచో చిత్రము రెండు డిగ్రీలు ఒరుగును. సముద్రపు అంచు వాలినట్లు, తలుపులు కూలుచున్నట్లు కనబడును. ఎడిటింగులో దానిని సరిచేయవచ్చును గాని, సరిచేసినప్పుడు అంచులు కోసివేయవలెను. పోర్రో కూర్పున కాంతిమార్గము ప్రక్కకు జరుగును గనుక, ముందు కటకమును వెనుక కెమేరాయును ఒకే గీతలో నిలువవు. క్రింది కమ్మీలను, ఆధారములను దానికి తగినట్లు అమర్చుకొనవలెను.

ఇక మారు త్రోవలను చూతము. కామ్‌కార్డరునే తలక్రిందుగా బిగించినచో రికార్డైన చిత్రము నిటారే. కాని మీటలన్నియు అందని చోటికి పోవును, దాని తెర తలక్రిందులగును. చూచు మానిటరును మాత్రము తలక్రిందుగా తగిలించుట మరియొకటి. ఇది అతి చౌక, అతి నమ్మకమైనది. పాత గాజుగొట్టపు మానిటరులలో ఎలక్ట్రానులను వంచు తీగచుట్టల కొనలను రెండు దిశలకును మార్చి కలిపినచో చిత్రము పూర్తిగా తిరుగును. అయితే ఆ పెట్టెలో ప్రాణాపాయకరమైన వోల్టేజి యుండుటచే అది తెలిసినవారు చేయవలసిన పని. కొన్ని కామ్‌కార్డరుల మడతతెర ఎటు తిరిగినదో అయస్కాంతము మూలమున కనుగొనును. చిన్న అయస్కాంతమును దానియొద్ద నుంచి ఆ యంత్రమును మభ్యపెట్టినవారును కలరు. తరువాతి కాలమున కొందరు తయారీదారులే చిత్రమును లోపలనే త్రిప్పు సౌకర్యమును కొన్ని కెమేరాలలో ఏర్పరచిరి.

రికార్డైన చిత్రమును నిటారు చేయుట ఎడిటింగు బల్లపై నూరు శాతము సాధ్యము. వెలుతురు నష్టము లేదు, బరువు లేదు, వాలు లేదు. కాని అచ్చటను చిన్న సుంకమొకటి కలదు. మన దేశమున వాడిన పాల్ పద్ధతి డీవీ చిత్రములో 576 అడ్డగీతలు; ఒకటి విడిచి యొకటిగా రెండు వరుసలలో అవి చిత్రింపబడును. చిత్రమును త్రిప్పినచో మొదటి గీత కడపటి గీతయగును. వరుసల క్రమము తారుమారగును. దానిని గమనింపనివాని చిత్రమున కదలిక జంకుచు ముందువెనుకలాడును. క్రమము దిద్దినచో, లేక మొదటనే సంపూర్ణ చట్రములుగా తీసియున్నచో ఈ బాధ లేదు. త్రిప్పిన చిత్రమును మరల కుదించి భద్రపరచునప్పుడు కొంత నాణ్యము తగ్గవచ్చును. కంప్యూటరుకు కొంత కాలము పట్టును.

ఇన్నిటిని తూచి చూచినచో తీర్పు స్పష్టముగానే కనబడును. నిటారు బింబము కోరువారు ఇద్దరు: కెమేరా పట్టువాడు, చిత్రము చూచువాడు. చూచువానికి అది తుదకు కావలెను, ఎడిటింగులో దొరకును. పట్టువానికి అది అప్పటికప్పుడు కావలెను, మానిటరులో దొరకును. ఈ రెండును చిత్రపు వెలుతురు దారికి వెలుపలనే జరుగును. పట్టకమో, ఆ యిద్దరికిని ఒకేమారు సమాధానము చెప్పును గాని, ఆ దారిలోనే నిలిచి ప్రతి చట్రమునుండి సుంకము వసూలు చేయును. కనుక ముక్కాలిపై నిలిపి, దీపములమర్చి, నిదానముగా కథాచిత్రము తీయువానికి త్రిప్పు అనుబంధము అవసరములేని విలాసము. అతడు ఆ ధనమును దీపములపై వెచ్చించుట మేలు. కెమేరాను చేతబట్టి, జనసందడిలో నిజ సంఘటనలను వెంటాడువానికి, కెమేరా నుండి వేరుగా పెద్ద మానిటరును మోయలేనివానికి, పట్టకము వెల చెల్లింపదగినదే. అతడు నావికుడు, మొదటివాడు ఖగోళజ్ఞుడు. కొనదలచినవాడు బరువును తూచి, నిలువుగీతలు గల కాగితమును చిత్రించి వాలును పరీక్షించి, అదే దృశ్యమును అనుబంధముతోను, అది లేకయు తీసి వెలుతురును పోల్చి చూచుట న్యాయము. ప్రకటనలోని మాట తక్కెడకు రాదు.

ఈ తర్కము ఇంకను సాగుచుండగనే కాలము దానిని దాటిపోయినది. 2008లో నికాన్ డీ 90 అను ఛాయాచిత్రపు కెమేరా వీడియోను తీయ మొదలిడెను. ఆ సంవత్సరమే ప్రకటింపబడిన కెనాన్ 5డీ మార్క్ 2లో 36 మిల్లీమీటర్ల వెడల్పు గల సెన్సరే నేరుగా పెద్ద కటకము వెనుక నిలిచెను. గరుకుగాజుతో పనిలేదు, పట్టకముతో పనిలేదు. సెన్సరుపై బింబము అప్పుడును తలక్రిందులే. కాని గీతలను ఏ కొననుండి చదువవలెనో విద్యుత్తు ఎరుగును. 2010 చివర పానాసోనిక్ ఏఎఫ్ 100, 2011లో సోనీ ఎఫ్ఎస్ 100 వంటి పెద్ద సెన్సరు వీడియో కెమేరాలు వచ్చుటతో అడాప్టరుల దినములు ముగిసినవి.

గరుకుగాజు అడాప్టరు ఇప్పుడు పాత పరికరముల అంగడిలోనో, అటకమీది పెట్టెలోనో కనబడును. అయినను దానిని చేపట్టినవారు నేర్చిన లెక్క వ్యర్థము కాలేదు. ఒక పరికరములోని లోపమును దిద్దబూనినప్పుడు, ఆ దిద్దుబాటు ఎవరికి అవసరము, ఎప్పుడు అవసరము అని ముందు విచారింపవలెను. పిమ్మట దానిని అసలు పనికి అడ్డురాని చోట చేయవలెను. కాంటాక్స్ పట్టకమును ఫిల్ముదారిలో గాక కంటిదారిలో నిలిపినవారు ఆ పనియే చేసిరి. మానిటరును తలక్రిందుగా తగిలించుకొని చిత్రము తీసిన బీద విద్యార్థియు ఆ పనియే చేసెను. తెరమీద నిటారుగా కదలుచున్న అతని పాత్రలను చూచిన ప్రేక్షకునికి ఆ మానిటరు సంగతి తెలియనేలేదు.